ఆకు చేదు, మాత్ర చేదు

మార్చి 3, మంగళవారం

నర్సమ్మ ఇచ్చిన ఈ నోట్‌బుక్కు ముందువైపు అమ్మది. అక్కడ గళ్లు గీసి ఉన్నాయి: సమయం, నొప్పి పదికి ఎంత, మాత్ర, విరేచనం, వేరే ఏమైనా ఇచ్చారా. తిరగేసి పట్టుకుంటే అన్నీ ఖాళీ పేజీలు. ఈ వెనకవైపు నాది. ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా లేదు.

ఈ రోజు అమ్మకు ఎనిమా పెట్టడం నేర్పింది నర్సమ్మ. ఆరు రోజులుగా కదలిక లేదు. అమ్మ వెన్నుపూస జబ్బుకు ఇస్తున్న మార్ఫిన్ మాత్ర నొప్పినే కాదు, పేగుల్ని కూడా నిద్రపుచ్చుతుందట. చేతి తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి, గోడమీది క్యాలెండర్‌లో అంకెలు చదువుకుంటూ పని కానిచ్చాను. అమ్మ మొహం అటు తిప్పుకుని, "ఇందుకా తల్లీ నిన్ను కెమిస్ట్రీ చదివించింది" అంది.

పిన్ని కుట్టుమిషన్ ఆపకుండానే, "ఇదీ కెమిస్ట్రీయేలే అక్కా, వాసన చూడు" అంది.

ముగ్గురం నవ్వాం. తర్వాత నేను పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాను. పంపు తిప్పి వదిలాను, చప్పుడు వినపడకుండా.

కన్నతల్లి ఒంటిని చూస్తే కడుపులో తిప్పుతుందని ఏ కూతురైనా ఎవరితోనైనా చెబుతుందా? ఇక్కడ రాసుకోవచ్చు.

నొప్పి 7.

మార్చి 5, గురువారం

ఇస్త్రీ సార్ పిలిచారు. మా మూలికల మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ గదికి పెద్ద ఆయనే. చొక్కా మడత సాయంత్రం దాకా నలగదు కాబట్టి కింద యార్డులో ఆడవాళ్లు పెట్టిన పేరు అది. బహుశా అమ్మే పెట్టి ఉంటుంది. ఇరవై రెండేళ్లు ఆ యార్డులో ఆకు ఏరింది అమ్మ. నేను దాని పై అంతస్తులో తెల్ల కోటు వేసుకుని ఏడు నెలలుగా పనిచేస్తున్నాను.

ఫ్యాక్టరీ కొత్త సారం గురించి చెప్పారు. కింద ఎండే చేదాకు నుంచి తీసినదే. మార్ఫిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు వాటితోపాటు తాగితే మాత్రలు సగానికి తగ్గించుకోవచ్చట. మాత్ర తగ్గితే మలబద్ధకం తగ్గుతుంది, మత్తు తగ్గుతుంది. నాకు వెంటనే అమ్మ గది వాసన గుర్తొచ్చింది.

"అమ్మగారికి ఇచ్చి చూడండి. మన యార్డు మనిషి, మన ఆకు. బాగుంటే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఆవిడ చేత వేలిముద్ర వేయించండి" అన్నారు. రెండు సీసాలు ఇచ్చారు. లేబుల్ లేదు. ఇంకా అచ్చవలేదట.

ఆయన పూసుకునే సెంటు నాకు పడదు. సారం మరిగే వాసన మీద ఆ సెంటు పడితే, కుళ్లిన చోట పూలు పెట్టినట్టుంటుంది. అయినా ఇంత మర్యాదగా నాతో ఎవరూ మాట్లాడలేదు. అమ్మగారు అన్నారు. యార్డులో ఆవిణ్ణి ఎప్పుడూ "ఏయ్" అనే పిలిచేవారు.

మార్చి 6, శుక్రవారం

రెండు చెంచాలు, మూడు పూటలు. మొదలుపెట్టాను.

చిక్కగా, నల్లగా, చెంచా అడుగున తారులా అంటుకుంటుంది. అమ్మ మొదటి చెంచా నోట్లో పోసుకుని చాలాసేపు మింగలేదు. దవడ ఆడించింది. కళ్లు మూసుకుంది. యార్డులో ఆకు నమిలేటప్పుడు పెట్టే మొహం అది. తర్వాత కళ్లు తెరిచి నా వైపు చూసి, మింగింది.

"ఎలా ఉందమ్మా?"

"నువ్వు తెచ్చావుగా" అంది. "బాగానే ఉంటుందిలే."

ఆ దవడ ఆడించడం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆకు ఏరేవాళ్ల పద్ధతి ఇది: బస్తా విప్పగానే ఒక ఆకు తీసి నమిలి, ఉమ్మి, ఇది ఏ కుప్పలోకో చెప్పాలి. రోజుకు రెండు వందల బస్తాలు. వరసగా కూర్చున్న ఆడవాళ్లందరి ముందూ ఒక్కో డబ్బా, ఆ డబ్బాల నిండా పచ్చటి ఉమ్మి. అమ్మ పళ్లు, చిగుళ్లు, నాలుక, పెదాల అంచులు అన్నీ పచ్చగా ఉండేవి. స్కూలు గేటు దగ్గరికి వస్తే, నోరు మూసుకుని నిలబడమని చెప్పేదాన్ని. పదేళ్లదాన్ని. ఆవిడ నిజంగానే నోరు మూసుకుని నిలబడేది.

ముందువైపు చివరి గడిలో, "వేరే ఏమైనా ఇచ్చారా" అన్నచోట, "లేదు" అని రాశాను. వేరే అంటే పసర్లూ కషాయాలూ. ఇది పరీక్ష చేసిన సారం. పరీక్ష చేసేది నేనే.

మార్చి 8, ఆదివారం

నొప్పి 4. నెలరోజుల్లో మొదటిసారి.

అమ్మ కూర్చుని జుట్టు దువ్వించుకుంది. పిన్నిని ఆటపట్టించింది: "నువ్వు కుట్టే యూనిఫారం జేబుల్లో పట్టాలంటే, పిల్లలు చేతులు మడతపెట్టుకోవాలే." పిన్ని సూది చూపించి బెదిరించింది.

పనిచేస్తోంది. నేను తెచ్చినది పనిచేస్తోంది.

మార్చి 10, మంగళవారం

నర్సమ్మ వచ్చి మాత్రలు లెక్కపెట్టింది. ప్రతి వారం లెక్కపెడుతుంది. ఇది అలాంటి మందు. తర్వాత అమ్మ నాడి చూస్తూ మామూలుగా అడిగింది: "పసరుగానీ, పొడిగానీ ఏదైనా వాడుతున్నారామ్మా? వాడితే తిట్టను. నాకు తెలిస్తే చాలు."

"లేదండీ."

"కొన్ని ఆకులు మార్ఫిన్‌తో కలిసి మత్తు పెంచుతాయి. చదువుకోనివాళ్లు భయపడి దాస్తారు. నువ్వు చెబుతావనుకో."

చెవులు వేడెక్కాయి. చదువుకోనివాళ్ల లెక్కలో కలుపుతుందేమోనని. "మా ఇంట్లో అలాంటివి లేవండీ" అన్నాను. అమ్మ పైకప్పు చూస్తోంది. పిన్ని మిషన్ ఆగింది. మళ్లీ మొదలైంది.

నర్సమ్మ వెళ్లాక పిన్ని, "ఆ నల్లది ఏమిటే మరి? టీ డికాషనా?" అంది.

"అది సారం పిన్నీ. ప్రమాణం ప్రకారం తీసింది."

"ఓహో. ప్రమాణం చేసి తీశారా" అంది. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పే ఓపిక లేకపోయింది.

మార్చి 13, శుక్రవారం

సార్ చెప్పిన ప్రకారం మాత్ర సగం చేశాను. మిగిలిన సగాలు ఒక చిన్న రేకు డబ్బాలో వేస్తున్నాను. డబ్బాలో కాకుండా అట్టలో ఉంచితే మంగళవారం లెక్క తేడా వస్తుంది. ముందువైపు గడిలో "ఒకటి" అనే రాస్తున్నాను.

నొప్పి 3. విరేచనం అయింది, మామూలుగా.

ఇంత మంచి జరుగుతుంటే ఒక గడిలో ఒక మాట మారిస్తే ఏమవుతుంది.

మార్చి 16, సోమవారం

గాజు పలక మీద ఒక మచ్చ ఎక్కువ వచ్చింది.

పిన్నికి ఒకసారి చెప్పాను, అలా చెప్పుకుంటేనే నాకూ తేలిక: సారం చుక్క పలక అడుగున పెట్టి, పలకను ఒక ద్రవంలో నిలబెడితే, లోపలున్న ఒక్కో సరుకు ఒక్కో మెట్టు దాకా ఎక్కి కూర్చుంటుంది. ఎవరి మెట్టు వారిదే. చేదాకుకు నాలుగు మచ్చలు. అసలు ఆకుతో చేసిన పలకలో నాలుగే. ఈ సారంలో ఐదు. ఐదోది చిక్కగా, నల్లగా, మిగిలిన నాలుగింటికన్నా బలంగా ఉంది.

సార్‌కు చూపించాను. ఆయన పలకను దీపం కింద అటూ ఇటూ తిప్పి, "సీజన్ మారింది కదా. ఎండాకాలం ఆకులో ఇలా వస్తుంది" అన్నారు. "రాయండి, సరిపోయింది అని."

రాశాను. సీజన్ మారింది.

మార్చి 17, మంగళవారం

నర్సమ్మ నోట్‌బుక్కు చూసి, "ఇంత శుభ్రంగా రాసేవాళ్లు నా దగ్గర ఎవరూ లేరమ్మా" అంది. నొప్పి తగ్గినందుకు సంతోషించింది. కానీ అమ్మ కళ్లలో టార్చి వేసి రెండుసార్లు చూసింది. "మాత్రలు పెంచలేదు కదా?"

"లేదండీ."

అది నిజమే. తగ్గించాను.

మార్చి 18, బుధవారం

అమ్మ మాట మధ్యలో నిద్రపోతోంది. "ఆ గిన్నె ఇటు..." అని ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. ఎంగిలి చుబుకం మీదుగా మెడ మడతలోకి జారింది. తుడిచాను. చెమటలు పట్టి పక్కబట్ట తడిసిపోయింది. చెయ్యి ఉండి ఉండి ఉలిక్కిపడ్డట్టు ఎగురుతోంది.

నెలల తరబడి నిద్ర లేని మనిషి. ఇప్పుడు పడుకుంటోంది.

సీజన్ మారింది.

మార్చి 19, గురువారం

సార్ కాగితం గురించి మూడోసారి అడిగారు. సాయంత్రం రాసి తీసుకెళ్లాను. "నేను ఇరవై రెండేళ్లు ఈ ఆకును చేతులతో ఏరాను. ఈ రోజు అదే ఆకు నా నొప్పి తీర్చింది." బాగా రాశాననుకున్నాను. చదివి వినిపించాను. ఇంకు డబ్బా మూత తీసి అమ్మ బొటనవేలు పట్టుకున్నాను.

అమ్మ వేలు మడిచేసుకుంది.

"వెయ్యను."

"ఏం?"

"అది ఆకు కాదు తల్లీ."

నవ్వొచ్చింది నాకు. "మరేమిటి?"

"ఆకు చేదు నాలుక వెనకాల తగులుతుంది. తర్వాత దవడ లాగుతుంది. లాగి లాగి, ఉమ్మేశాక చివర్లో కొంచెం తియ్యగా ఉంటుంది. ఇది అలా లేదు. ఇది ముందే తగిలి, అక్కడే మొద్దుబారిపోతుంది." కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "పోయినేడు గొట్టం మాత్రలు ఇచ్చారే, మార్ఫిన్‌కు ముందు. మింగలేక విప్పి నోట్లో పోసుకునేదాన్ని. ఆ చేదు. దానికి ఆకు రంగు పూశారు."

"మొదటి చెంచాకే తెలిసిందా?"

"తెలీదా మరి."

"మరెందుకు తాగావు?"

"నొప్పి తగ్గింది. అబద్ధం ఎందుకు. పైగా..." నా మొహం చూసింది. "సంఖ్య తగ్గితే నీ మొహం ఎలా ఉంటుందో నీకు కనపడదుగా. ఏడు ఉన్నప్పుడు కూడా ఐదని చెప్పాను ఒకటి రెండుసార్లు. మార్కులేగా, నీకు వేస్తే నాకేం పోయింది."

"అయితే ముద్ర వేస్తే ఏం పోయింది?"

"నేను తెలిసి తాగుతున్నాను. ఆ కాగితం చూసి తాగేవాళ్లకు తెలీదు. ఆకేకదా అని ఇంకో చెంచా పోసుకుంటారు."

నేనన్న మాట ఇక్కడ రాస్తాను. రాయకపోతే రేపు అనలేదనుకుంటాను. "నీ ఉమ్మి నాకు కెమిస్ట్రీ నేర్పక్కర్లేదు" అన్నాను.

పిన్ని మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చి నా చేతిలోంచి ఇంకు డబ్బా తీసుకుని మూతపెట్టింది.

మార్చి 20, శుక్రవారం

అమ్మ పాత మందుల సంచిలో గొట్టం మాత్రలు నాలుగు మిగిలి ఉన్నాయి. ఒకటి పర్సులో వేసుకుని వెళ్లాను. భోజనాల వేళ గదిలో ఎవరూ లేనప్పుడు విప్పి, కరిగించి, సారం చుక్క పక్కనే ఆ చుక్క పెట్టాను.

ఇరవై నిమిషాలు.

ఐదో మచ్చ, మాత్ర మచ్చ ఒకే మెట్టు మీద, పక్కపక్కన కూర్చున్నాయి.

సింకు దగ్గర నిలబడి సీసాలోంచి ఒక చుక్క వేలిమీద తీసుకుని నాలుకకు రాసుకున్నాను. నాలుక కొన మొద్దుబారింది. వెనకాల ఏమీ లేదు. ఉమ్మేశాను. తెల్ల సింకులో గోధుమరంగు చార. ఏడు నెలల్లో ఈ గదిలో ఎవరూ ఏదీ రుచి చూడలేదు.

మార్చి 16న "సరిపోయింది" అని రాసిన కాగితం ఫైల్లో ఉంది. కింద నా సంతకం, ఏ వంకరా లేకుండా.

మార్చి 21, శనివారం

సారం ఆపేశాను. మాత్ర మళ్లీ పూర్తిగా ఇస్తున్నాను. నొప్పి 8. వాంతులు. అమ్మ ఒళ్లంతా వణికింది. పక్కబట్ట నాలుగుసార్లు మార్చాం. ఇన్నాళ్లూ దేన్ని తాగించానో దాన్ని ఒళ్లు అడుగుతోంది.

నర్సమ్మకు ఫోన్ చేయాలి. చేస్తే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. రేకు డబ్బాలో సగం మాత్రలున్నాయి. గళ్లలో "ఒకటి", "లేదు" ఉన్నాయి. అన్నీ నా చేతిరాతే.

మంగళవారం ఎలాగూ వస్తుంది.

మార్చి 22, ఆదివారం

నొప్పి 9. ఇది మార్కు కాదు. అమ్మ గోడను గోళ్లతో గీరింది.

కాగితం తీసుకుని లెక్క వేశాను. పలక మీద మచ్చ చిక్కదనం చూసి, రెండు చెంచాల్లో ఎంత ఉంటుందో కట్టాను. ఒక గొట్టం మాత్ర కన్నా తక్కువే. మార్ఫిన్‌తోపాటు అంత తక్కువైతే పరవాలేదనిపించింది. లెక్క రెండుసార్లు సరిచూశాను. నాకు లెక్కలు బాగా వచ్చు. పదో తరగతిలో నూటికి తొంభై ఎనిమిది.

మాత్ర పూర్తిగా, సారం రెండు చెంచాలు. మొదటి సీసా అడుగంటింది కాబట్టి రెండోది తెరిచాను. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి.

తాగేముందు అమ్మ చెంచా వాసన చూసి, "ఇది ఇంకా ఘాటుగా ఉందే" అంది.

"ఒకటేనమ్మా" అన్నాను.

నొప్పి 2. నిద్రపోయింది. గది ఎంత నిశ్శబ్దంగా ఉందో.

మార్చి 23, సోమవారం

పొద్దున పనికి వెళ్లేముందు కూడా ఇచ్చాను. మాత్ర, రెండు చెంచాలు. పదకొండు గంటలకు పిన్ని ఫోన్. "లేవట్లేదే."

మార్చి 24, మంగళవారం

క్లినిక్ వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న నేను ఇంటికి చేరేసరికి నర్సమ్మ మంచం పక్కన మోకాళ్ల మీద ఉంది. పిన్నే ఆవిడకూ ఫోన్ చేసిందట. అమ్మ పెదాలు నీలం. గొంతులో నీళ్లు కదిలినట్టు గరగర. నర్సమ్మ గడియారం చూసుకుంటూ ఊపిరి లెక్కపెడుతోంది. నిమిషానికి ఆరు. నేనూ లెక్కపెట్టాను. ఆరే.

"ఇంకేం ఇచ్చావు?" తల ఎత్తకుండానే అడిగింది.

ముందువైపు పేజీ నా చేతిలోనే తెరిచి ఉంది. లేదు, లేదు, లేదు. అప్పుడు కూడా ఒక క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ గడి వైపు చూశాను.

పిన్ని కిటికీలోంచి సీసా తీసి నర్సమ్మ చేతిలో పెట్టింది. "ఇది. నల్లది. మా పిల్ల చదువుకున్నదమ్మా, చెప్పదు. నేను చెబుతున్నా."

క్లినిక్‌లో ఇంజెక్షన్ చేశారు. అమ్మ లేచింది. లేవడం అంటే నేననుకున్నట్టు కాదు. మార్ఫిన్‌ను ఒక్కసారిగా విరిచేసే మందట అది. మందుతోపాటు ఉన్న ఉపశమనం కూడా మొత్తం పోతుందట. ఉపశమనం పోయిన వెన్నుపూసతో లేచింది అమ్మ. ఆ అరుపు గురించి రాయను. ఒంటికీ రెంటికీ మంచంలోనే పోయింది. పిన్నీ నేనూ కడిగాం. ఈసారి క్యాలెండర్ లేదు. చూశాను. మా అమ్మ ఒళ్లు అది. కంపు కొట్టింది అమ్మ కాదు.

ఈ రోజు పొద్దున డాక్టరమ్మ బయటికి వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. అలసిపోయి ఉంది.

"ఏ రోజు నుంచి? ఎంత? మాత్ర ఎంత తగ్గించావు, ఎప్పుడు పెంచావు? సీసా ఎప్పుడు మారింది? ఇవి కచ్చితంగా తెలిస్తేగాని తర్వాతి మోతాదు వెయ్యలేను. తక్కువైతే నొప్పి, ఎక్కువైతే మళ్లీ నిన్నటిదే. ఇందులో ఉన్నాయా?" అని నోట్‌బుక్కు చూపించింది.

ఉన్నాయి. కానీ ముందువైపు కాదు.

వెనకవైపు చదివితే "మా అమ్మ ఒళ్లు" ఒక్కటే కాదు, "నీ ఉమ్మి" కూడా చదువుతుంది. స్కూలు గేటు చదువుతుంది. పంపు తిప్పి వాంతి చేసుకోవడం, "సీజన్ మారింది", సంతకం, తొంభై ఎనిమిది మార్కులు. తేదీలు మాత్రం వేరే కాగితం మీద ఎత్తి ఇస్తానని అనబోయాను. నోటిదాకా వచ్చింది. శుభ్రంగా, ఏ మరకా లేకుండా మళ్లీ ఒక కాగితం.

ఈ వాక్యం దాకా రాసి, నోట్‌బుక్కు తిరగేసి, ఆవిడ చేతికి ఇస్తున్నాను.

మార్చి 27, శుక్రవారం

తిరిగి ఇచ్చారు. కాపీలు తీసుకున్నారు. మార్చి 22 పేజీ దగ్గర డాక్టరమ్మ పెన్సిల్‌తో గీసిన చిన్న గీత ఉంది. రెండో సీసాలో మొదటిదానికన్నా నాలుగింతలు ఉందట. నా లెక్క సరైనదే. వేరే సీసాకు.

మందుల తనిఖీ ఆఫీసుకు ఉత్తరం వెళ్లింది, సీసాలతో, నా పేజీలతో. ఫ్యాక్టరీకి వెళ్లి రెండు పలకలు సార్ బల్లమీద పెట్టాను. మార్చి 16 కాగితం మీద "సరిపోలేదు" అని రాసి, పక్కన మళ్లీ సంతకం చేశాను.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "అమ్మగారికి తగ్గిందా లేదా?" అన్నారు.

"తగ్గిందండీ."

"మరింకేం?"

దీనికి జవాబు అమ్మ చెప్పింది కాబట్టి నాకు వచ్చు. "తెలిసి తాగడం వేరండీ" అన్నాను.

"మీకు ఈ ఉద్యోగం ఎలా వచ్చిందో గుర్తుందా? యార్డు మనిషి కూతురని." చొక్కా చేతి మడత సవరించుకున్నారు. "కోటు అక్కడ వేలాడదీసి వెళ్లండి."

వేలాడదీశాను. మెట్లు దిగి, గేటు వైపు కాకుండా యార్డులోకి వెళ్లాను. వరసలో మూడో చోటు, గోడ పక్కది, అమ్మది. ఇప్పుడు ఎవరో కొత్తావిడ. పక్కావిణ్ణి ఎండిన ఆకులు రెండు అడిగాను. "మీ అమ్మ ఎలా ఉంది?" అంది, పచ్చటి నోటితో. బతికి ఉందని చెప్పాను. గుప్పెడు తీసి ఇచ్చింది.

వాళ్లకు చెప్పాను, పైన ఏం కలుపుతున్నారో. ఒకావిడ డబ్బాలో ఉమ్మి, "మేం ఏరేది దేనికో మరి" అంది. మిగిలినవాళ్లు నమలడం ఆపలేదు. బస్తాలు వస్తూనే ఉన్నాయి.

మార్చి 31, మంగళవారం

అమ్మ ఇంటికొచ్చింది. మాత్ర నాలుగు గంటలకొకటి, పూర్తిగా. పేగులకు వేరే మందు. నొప్పి 5. "నిజం ఐదేనా?" అని అడిగితే, "ఐదున్నర. అర మార్కు నీకు గ్రేస్" అంది.

పిన్ని నాతో ఆ సోమవారం నుంచి సరిగా మాట్లాడలేదు. ఈ రోజు ఒక చొక్కా గుండీ దారం కొరికి తెంపుతూ, "ఉద్యోగం లేదుగా. రా, కాజాలు కుట్టడం నేర్పుతా" అంది. "ప్రమాణం ప్రకారం."

నర్సమ్మకు ఆకులు చూపించి అడిగాను. వాసన చూసి, నలిపి, నా వైపు చూసింది. ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాను. ఫోన్లో డాక్టరమ్మను కూడా అడిగింది. "ఒకటి నమిలి ఉమ్మేస్తే పరవాలేదట. మింగకూడదు. రాసి పెట్టు" అంది.

అమ్మ పడుకునే ఒక ఆకు నోట్లో పెట్టుకుంది. పళ్లు కొన్ని లేవు, మెల్లగా నమిలింది. దవడ లాగింది, కనపడింది నాకు. కళ్లు మూసుకుని, బస్తా పక్కన కూర్చున్నట్టే కాసేపు ఆలోచించింది.

"ఇదీ ఆకంటే" అంది. "మూడో కుప్ప. కొంచెం ముదురు."

డబ్బా కోసం అటూ ఇటూ చూసింది. మంచం పక్కన డబ్బా లేదు. నేను అరచెయ్యి పట్టాను. అమ్మ నా మొహంలోకి చూసింది. స్కూలు గేటు దగ్గర చూసినట్టు, నోరు మూసుకుని.

"ఉమ్మమ్మా" అన్నాను.

ఉమ్మింది. వెచ్చగా, జిగటగా, పచ్చగా. కడుపులో తిప్పింది. చెయ్యి తియ్యలేదు.

వెనకవైపు పేజీలు ఇక్కడికి అయిపోయాయి. ఈ కాగితానికి అటువైపు నర్సమ్మ గళ్లే. చెయ్యి కడుక్కుని వచ్చి నోట్‌బుక్కు తిరగేసి, ఈ రోజు వరస నింపాను. సమయం, పదిన్నర. నొప్పి, ఐదున్నర. మాత్ర, ఒకటి. విరేచనం, అయింది. చివరి గడిలో మార్చి 6 నుంచి 23 దాకా పద్దెనిమిది "లేదు"లు ఉన్నాయి. కొట్టివేయలేదు. వాటి కిందే రాశాను.

వేరే ఏమైనా ఇచ్చారా: ఆకు ఒకటి. నమిలి ఉమ్మేసింది. ఉమ్మి నేను పట్టాను.